మందుకు పవర్ పోయిందా?

ఆసుపత్రి వరండాల్లో మన జనం మందు గురించి మాట్లాడేటప్పుడు, బిళ్ళలో ఒక బలం కూర్చుని ఉన్నట్టే మాట్లాడతారు. "ఈ మందుకి పవర్ చాలట్లేదండీ, ఇంకాస్త పవర్ ఉన్నది రాయమని చెప్పండి." "మొదట్లో బాగానే పట్టింది, తర్వాత పవర్ పోయింది." కోస్తాలో ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో మైక్రోబయాలజీ చెబుతూ, ల్యాబ్ చూసుకుంటూ నా ఉద్యోగకాలం గడిచింది. మందులు రాయడం నా పని కాదు. ఏ క్రిమికి ఏ మందు పనిచేస్తుందో, ఏది చెయ్యదో తేల్చి కాగితం మీద పెట్టడం వరకే నా పని. అయినా ఈ మాటలు నా చెవిన బాగా పడేవి. మా రిపోర్టులో మందు పేరు పక్కన 'ఆర్' అక్షరం, అంటే క్రిమి ఆ మందుకు లొంగదని, పడిన మర్నాడే అవి మొదలయ్యేవి.

పనిచెయ్యని మందులో నిజంగా ఏమన్నా తగ్గిందా? పక్క మంచం మనిషిని లేపి కూర్చోబెట్టిన ఇంజెక్షనే ఈ మంచం మనిషికి పట్టకపోతే, లోపం ఎక్కడున్నట్టు? వైద్యులు వైద్యులు తేల్చుకోవలసిన సంగతిలా కనిపిస్తుంది గానీ, దీని అడుగున చాలా పాత ప్రశ్న ఉంది. వస్తువు ఒకటి, దానిలో దాగిన శక్తి మరొకటి అని రెండుగా ఒప్పుకోవాలా? మన పాత దర్శనాల్లో మీమాంసకులూ, తర్కశాస్త్రం వాళ్ళయిన నైయాయికులూ తరాల తరబడి దీని మీద వాదించుకున్నారు. ఆ వాదం నేను చిన్నప్పుడే విన్నాను. అది నా వృత్తికి ఎంత దగ్గరిదో మాత్రం, గ్రీన్ టీలోని పదార్థాలను యాంటీబయాటిక్‌లతో కలిపి చేసిన పరిశోధనలు చదువుతున్నప్పుడు తెలిసింది.

మా నాన్నగారు సంస్కృత కళాశాలలో తర్కం చెప్పేవారు. సాయంత్రాలు నన్నూ అన్నయ్యనూ కూర్చోబెట్టి తర్కసంగ్రహం చెప్పారు. అది రాసిన అన్నంభట్టు కాశీలో పేరు తెచ్చుకున్న తెలుగు పండితుడు. పుస్తకం పట్టుమని కొన్ని పేజీలే, కానీ అది పట్టుబడితే మనిషి మాట్లాడే తీరే మారిపోతుందని నాన్నగారి నమ్మకం. ఆ తర్వాత విశ్వనాథుడి ముక్తావళిలో కొంత భాగం చెప్పారు. నిప్పూ మణీ చర్చ అందులో ఉంది.

చర్చ ఇది. నిప్పు కాలుస్తుంది. దాని దగ్గర ఒకానొక మణిని పెడితే కాల్చదు. మణి తీసేస్తే మళ్ళీ కాలుస్తుంది. ఇంతవరకూ తేలికే. మణి అక్కడే ఉండగా ఇంకో వస్తువును తెచ్చి పెట్టారు, నిప్పు మళ్ళీ కాల్చింది. ఆ రెండో వస్తువుకు ఉత్తేజకం అని పేరు. అడ్డుపడే మణి ప్రతిబంధకం. ఇప్పుడు చెప్పండి, నిప్పులో ఏం జరిగింది?

మీమాంసకుడు అంటాడు: నిప్పులో కాల్చే శక్తి అనేది ఒకటి ఉంది. కంటికి కనపడదు. మణి వచ్చినప్పుడు అది నశించింది. ఉత్తేజకం వచ్చినప్పుడు మళ్ళీ పుట్టింది. లేకపోతే అదే నిప్పు ఒకసారి కాల్చడం, ఒకసారి కాల్చకపోవడం ఎలా కుదురుతుంది?

నైయాయికుడు ఒప్పుకోడు. ఎన్నిసార్లు మణిని పెట్టి తీస్తే అన్ని శక్తులు చచ్చి పుట్టాయని అనుకోవాలా? అంత బరువు మన ఊహ మీద ఎందుకు? నిప్పు నిప్పుగానే ఉంది, దానికేమీ కాలేదు. కాలడానికి నిప్పు ఒక్కటే చాలదు. కట్టె కావాలి, తగలడం కావాలి, అడ్డు లేకపోవడమూ కావాలి. లేకపోవడం కూడా కారణాల్లో ఒకటి. మరి అడ్డు ఉండగానే కాలిందేం అంటే, ఉత్తేజకం తోడు లేని మణి ఏదో అదే అసలైన అడ్డు, ఉత్తేజకం పక్కనున్న మణి అడ్డు కాదు.

అలాంటి మణి లోకంలో ఎక్కడన్నా ఉందా అని అన్నయ్య అడిగేవాడు. "ఉందనుకోరా, అప్పుడేమంటావు?" అనేవారు నాన్నగారు. ఉందో లేదో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఉందని నేను చెప్పగలను. ఒకటి కాదు, చాలా ఉన్నాయి, వాటిలో కొన్నిటిని నేను ప్లేట్ల మీద పెంచాను.

2019లో ఇంగ్లండ్‌లోని సర్రే విశ్వవిద్యాలయం పశువైద్య విభాగం నుంచి ఒక పరిశోధన వెలువడింది. జోనథన్ బెట్స్, ఆయన సహచరులు తీసుకున్న క్రిమి సూడోమొనాస్ ఏరుగినోసా. కాలిన గాయాల వార్డులో మెలిగినవాళ్ళకు దీన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. కట్టు విప్పితే గాజుగుడ్డ మీద నీలం కలిసిన ఆకుపచ్చ మరక. ల్యాబులో ప్లేటు మూత తీస్తే ద్రాక్షపళ్ళ తియ్యటి వాసన. ఆ వాసన చూసి రిపోర్టుకు ముందే పేరు చెప్పగలిగేవాళ్ళం. దీని బయటి పొర మందుల్ని తేలిగ్గా లోపలికి రానివ్వదు. చొరబడిన మందును బయటికి తోసెయ్యడానికి ప్రోటీన్ పంపులున్నాయి. కొన్ని మందుల్ని ముక్కలు చేసే ఎంజైములూ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో కొత్త మందులు అత్యవసరంగా కావలసిన క్రిముల జాబితా వేసినప్పుడు, కార్బాపెనెమ్‌లకు లొంగని సూడోమొనాస్‌ను అన్నిటికన్నా పై వరుసలో పెట్టింది.

సర్రేవాళ్ళు వాడిన యాంటీబయాటిక్ అజ్‌ట్రియోనామ్. పాతదే, 1980ల నాటిది. వాళ్ళు తీసుకున్న క్రిములు చాలా మందులకు లొంగనివి. అజ్‌ట్రియోనామ్‌కు తోడుగా గ్రీన్ టీలో పుష్కలంగా ఉండే ఎపిగాలోకాటెకిన్ గాలేట్ అనే పదార్థాన్ని చేర్చారు. అందరూ పొట్టిగా ఈజీసీజీ అంటారు. విడివిడిగా ఇచ్చినప్పటికంటే రెండూ కలిసినప్పుడు క్రిమి బాగా లొంగింది. గాజుపాత్రలోనే కాదు, తేనెపట్టు మైనం తినే చిమ్మెట లార్వాలకు ఈ క్రిమిని ఎక్కించి చూసినా అదే ఫలితం. మనిషి చర్మకణాలకు హాని దాదాపు కనపడలేదు. ఈజీసీజీ వల్ల క్రిమి పొర కాస్త సడలి మందు ఎక్కువగా లోపలికి వెళ్తుండవచ్చునని, మందుకు లొంగే గుణంతో ముడిపడిన జీవరసాయన మార్గం ఏదైనా దెబ్బతింటుండవచ్చునని వాళ్ళు రాశారు.

అజ్‌ట్రియోనామ్ మారలేదు. దాని అణువులో ఒక్క పరమాణువు అటూ ఇటూ కాలేదు. లొంగని క్రిమి జన్యువులు కూడా వాటి చోటునే ఉన్నాయి. నిప్పూ ఉంది, మణీ ఉంది, ఉత్తేజకం వచ్చింది.

దీనికన్నా పాతదీ, నాకు ఇంకా ఇష్టమైనదీ మరో ఉదాహరణ ఉంది. మెథిసిలిన్ 1959 ప్రాంతంలో వచ్చింది. 1961కల్లా దానికి లొంగని స్టాఫిలోకాకస్‌ను బ్రిటన్‌లో గుర్తించారు. ఎంఆర్ఎస్ఏ అని ఇప్పుడు పత్రికలు చదివేవాళ్ళందరికీ తెలుసు. పెనిసిలిన్ జాతి మందులు క్రిమి గోడ కట్టే ప్రోటీన్లను పట్టుకుని పని ఆపేస్తాయి. ఎంఆర్ఎస్ఏ ఒక కొత్త ప్రోటీన్‌ను సంపాదించుకుంది. దాని పేరు పీబీపీ2ఏ. ఈ మందులు దాన్ని సరిగా పట్టుకోలేవు, అందుచేత గోడ కట్టే పని సాగిపోతుంది. జపాన్ పరిశోధకులు ఈజీసీజీ లాంటి తేయాకు కాటెకిన్లు ఈ క్రిమిని మళ్ళీ పెనిసిలిన్ జాతి మందులకు లొంగేట్టు చేస్తాయని 1990ల నుంచే చెబుతూ వచ్చారు. లండన్‌లో పీటర్ టేలర్ బృందం ఎపికాటెకిన్ గాలేట్ అనే మరో కాటెకిన్ మీద పనిచేసి ఎలా జరుగుతోందో చాలావరకు బయటపెట్టింది. ఆ పదార్థం క్రిమి పొరలోకి దిగి కూర్చుంటుంది. దాంతో గోడ కట్టే మరో ప్రోటీన్, పీబీపీ2, కణం రెండుగా చీలే చోట ఉండవలసింది అక్కణ్ణుంచి చెదిరిపోతుంది. పీబీపీ2ఏ తానొక్కటే గోడ పూర్తి చెయ్యలేదు. రెండూ ఒక చోట ఉంటేనే పని. అంటే లొంగకపోవడం కూడా ఆ క్రిమికి స్వభావం కాదు, అది కూడా కొన్ని కారణాలు కలిసి నిలబెట్టిన కార్యమే. మందు పనిచెయ్యడానికి సామగ్రి కావాలి, మందును అడ్డుకోవడానికీ సామగ్రి కావాలి. ఆ సామగ్రిలో ఒక్కటి కదిలినా అడ్డు అడ్డు కాకుండా పోతుంది. నాన్నగారు బతికుంటే ఆయనకు ముందుగా చెప్పాలనిపించే సంగతి ఇదే.

ఇది తేయాకుకు మాత్రమే చెందిన అద్భుతం కాదని కూడా చెప్పాలి. పళ్ళనొప్పికీ చెవిపోటుకీ మనవాళ్ళు మింగే ఆగ్మెంటిన్ 1981 నుంచీ బజారులో ఉంది. అందులో ఉన్నవి రెండు, అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆమ్లం. రెండోది తనంతట తాను క్రిమిని చంపగలిగేది చాలా తక్కువ. అమాక్సిసిలిన్‌ను ముక్కలు చేసే ఎంజైమును పట్టుకుని కూర్చోవడమే దాని పని. తనొక్కటే ఏమీ చెయ్యలేనిది తోడు ఉన్నప్పుడు రోగిని లేపి కూర్చోబెడుతుంది. దాన్ని కారణం అనవచ్చా? అనవచ్చు, అని తీరాలి. కుండకు కర్ర కారణం, చక్రం కారణం. కర్ర ఒక్కటే ఏనాడూ కుండ చెయ్యలేదు.

కుండ అనగానే గాడిద గుర్తొస్తుంది. మట్టి మోసుకొచ్చిన గాడిద కుండ పుట్టకముందు అక్కడే ఉంది. అయినా అది కుండకు కారణం కాదు, ఎందుకంటే ఆ గాడిద లేకుండా మట్టి ఇంకో విధంగా వచ్చినా కుండ అవుతుంది. దీన్ని అన్యథాసిద్ధం అన్నారు. ముందు ఉన్నంత మాత్రాన కారణం కాదు. ఈ ఒక్క పాఠం మన పత్రికల ఆరోగ్య పేజీలు రాసేవాళ్ళకు వస్తే ఎంత మేలు! గ్రీన్ టీ కప్పులో కాటెకిన్లున్నాయి, కెఫీన్ ఉంది, రంగుంది, వేడి నీళ్ళున్నాయి. ఎవరో కప్పు తాగారు, జ్వరం తగ్గింది. ఇందులో కర్ర ఏది, గాడిద ఏది?

తేల్చే పద్ధతి మన శాస్త్రంలో అన్వయవ్యతిరేకాలు. అది ఉంటే ఇది ఉండాలి, అది లేకపోతే ఇది లేకుండా పోవాలి. ల్యాబులో మేం చేసేది సరిగ్గా ఇదే. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పళ్ళెంలో ఎనిమిది వరసలు, పన్నెండు నిలువు గళ్ళు, మొత్తం 96 గుంటలు. అడ్డంగా ఒక మందును సగం సగం చేసుకుంటూ పోతాం, నిలువుగా రెండోదాన్ని. ఒక మూల రెండూ లేవు, ఒక అంచున ఇదొక్కటే, ఇంకో అంచున అదొక్కటే, మధ్యలో అన్ని పాళ్ళలో రెండూ. అన్నిటిలోనూ ఒకే క్రిమి. రాత్రంతా వెచ్చగా ఉంచి పొద్దున్న వెలుతురుకు పెట్టి చూస్తే, క్రిమి పెరిగిన గుంట మసకగా ఉంటుంది, పెరగనిది తేటగా ఉంటుంది. చెకర్‌బోర్డు అంటారు దీన్ని. తోడు ఉన్నప్పుడు ఒక్కొక్కదాని మోతాదు, విడిగా ఉన్నప్పటి మోతాదులో ఎన్నో వంతుకు తగ్గిందో లెక్కగట్టి ఆ రెండు పాళ్ళూ కూడితే, మొత్తం 0.5 గానీ అంతకు తక్కువ గానీ వస్తే అవి ఒకదానికొకటి తోడు అంటాం. 4 దాటితే ఒకదానికొకటి అడ్డు. ఈ పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు నాకు తర్కశాలలో కూర్చున్నట్టే ఉండేది.

ఇక దేవుడి సంగతి. దీపావళినాడు చిచ్చుబుడ్డి పేలి కాళ్ళు కాలిన ఒక పిల్ల మా ఆసుపత్రిలో ఉండేది. పుండులో సూడోమొనాస్ పట్టింది. మా రిపోర్టులో ఒక మందుకు 'ఎస్' వచ్చింది, అంటే లొంగుతుంది. అదే పెట్టారు. తగ్గలేదు. సర్జన్లు పిల్లను ఆపరేషన్ గదికి తీసుకెళ్ళి చచ్చిన చర్మమంతా తొలిచేశారు. సిస్టరు రోజూ కట్టు మార్చేది. మందు మాత్రం మార్చలేదు. ఈసారి పుండు ఎర్రగా, శుభ్రంగా మానడం మొదలైంది. వాళ్ళమ్మ ఒకరోజు రిపోర్టు తీసుకోవడానికి ల్యాబుకు వచ్చింది.

"దుర్గమ్మకి మొక్కుకున్నానండీ. ఏది బాగుచేసిందంటారు మేడమ్, మందా, అమ్మవారా?"

"నువ్వేమనుకుంటున్నావమ్మా?"

"మందే అందామంటే, మొదట్నించీ అదే మందంట కదండీ. అప్పుడు లేని పవర్ ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?"

ముక్తావళి పూర్వపక్షం, అంటే మీమాంసకుడి మాట, అచ్చంగా ఆమె నోటి నుంచి వచ్చింది. చచ్చిన చర్మానికి రక్తం అందదని, రక్తం అందని చోటుకు మందు చేరదని, అక్కడ క్రిములు గుంపుగా జిగురు కట్టుకుని ఉంటాయని, అడ్డు తీసేశాక అదే మందు అందిందని ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పాను. విన్నది. "అయితే అమ్మవారు?" అంది.

నైయాయికులు ఆస్తికులు. ఈశ్వరుణ్ణి వాళ్ళు కారణంగానే ఒప్పుకున్నారు, అయితే సాధారణ కారణంగా. కాలం, దిక్కు, అదృష్టం లాగే ఆయన ప్రతి కార్యానికీ కారణం. పుట్టే ప్రతిదానికీ సమానంగా కారణమైనవాణ్ణి, ఈ పుండు మానడానికి మాత్రం ప్రత్యేక కారణంగా చూపించలేం. అలా చూపిస్తే, మానని పుండుకూ ఆయన్నే చూపించవలసి వస్తుంది. ఇది నాకు చాలా గౌరవమైన ఆలోచనగా తోస్తుంది. దేవుణ్ణి ఒక మందుకు పోటీగా నిలబెట్టదు. మందు పనిచేసినచోట ఆయన్ని తోసెయ్యదు, చెయ్యనిచోట ఆయన మీద నేరం మోపదు. నేను ఆ తల్లితో అమ్మవారు అన్నిట్లోనూ ఉందమ్మా అన్నాను. సర్జను చేతిలోనూ ఉంది, సిస్టరు కట్టులోనూ ఉంది, మొక్కు తీర్చుకో, కానీ కట్టు మార్పించుకోవడం మానకు అన్నాను. నేను మాటవరసకు అన్నది కాదు అది.

'పవర్' ఊహ తప్పని నేను ఇంత పట్టుబట్టడానికి కారణం, అది తర్కంలో తప్పయినంత మాత్రాన కాదు, వార్డులో దానివల్ల జరిగేది ప్రమాదకరం కాబట్టి. మందులో శక్తి చచ్చిపోయిందని నమ్మినవాడు చెయ్యగలిగేది ఒక్కటే, ఇంకా శక్తి ఉన్న మందు వెతకడం. మూడోతరం సెఫలోస్పోరిన్ చాలకపోతే కార్బాపెనెమ్, అదీ చాలకపోతే కొలిస్టిన్. ప్రతి మెట్టు దగ్గరా ఆ మందును తట్టుకోగల క్రిములే మిగులుతాయి, మిగిలినవే పెరుగుతాయి. కొలిస్టిన్‌ను మనుషులకు ఆఖరి మందుగా దాచుకుంటూ, మరో పక్క కోళ్ళు బరువెక్కడానికి మేతలో కలిపారు. 2019లో భారత ప్రభుత్వం ఆ వాడకాన్ని నిషేధించింది. అడ్డును చూడ్డం నేర్చుకున్నవాడి ప్రశ్నలు వేరేగా ఉంటాయి. రోగికి పెట్టిన గొట్టం మీద క్రిములు జిగురు కట్టాయా? చీము బయటికి పోతోందా? ఈ క్రిమి దగ్గరున్న ఎంజైము ఏది? దానికి తోడు ఏది పెట్టాలి? తేయాకు పరిశోధనలు నాకు విలువైనవి కావడానికి కారణం, అవి ఈ రెండో రకం ప్రశ్నల నుంచి పుట్టడమే.

కారణమంటే ఏమిటో తేలితే బాధ్యత ఎవరిదో కూడా తేలాలి. పెనిసిలిన్ కనుక్కున్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో నోబెల్ ఉపన్యాసం ఇస్తూ ఒక ఊహాకథ చెప్పాడు. ఒకాయనకు గొంతునొప్పి. పెనిసిలిన్ కొనుక్కుని, క్రిములు చావడానికి చాలనంత, తట్టుకోవడం నేర్చుకోవడానికి చాలినంత వేసుకున్నాడు. ఆ క్రిములు భార్యకు అంటుకున్నాయి. ఆమెకు న్యుమోనియా వచ్చింది, పెనిసిలిన్ పట్టలేదు, చనిపోయింది. ఆ చావుకు ముఖ్యంగా బాధ్యుడెవరు అని అడిగి, ఆ భర్తే అన్నాడు ఫ్లెమింగ్. పెనిసిలిన్ ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లోనే అన్నాడు.

మనలో ప్రతివాడూ తాను గాడిదనే అనుకుంటాడు. మెడికల్ షాపులో రెండు బిళ్ళలు అడిగి తీసుకుంటే, నేను కాకపోతే ఇంకొకడు, నా రెండు బిళ్ళలతో లోకం మునుగుతుందా అంటాడు. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది, డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదని దాని అర్థం. ఆ గీత అతనికి కనపడదు. కానీ అన్యథాసిద్ధం అనిపించుకోవాలంటే అతను లేకపోయినా అదే కార్యం అలాగే జరగాలి. అతని గొంతులో, అతని పేగులో మిగిలిన క్రిములు అతను వేసుకున్న మోతాదువల్లే మిగిలాయి. అక్కడ అతని స్థానంలో ఇంకెవరూ లేరు.

ఒక్కొక్కసారి బాధ్యత ఒక మనిషి గొంతు కన్నా చాలా పెద్దది. స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన హైదరాబాదు పక్కన పటాన్‌చెరులోది. దాదాపు 90 మందుల తయారీ యూనిట్ల వ్యర్థజలాలు చేరే శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని వాళ్ళు పరీక్షించారు. శుద్ధి అయ్యాక ఉన్న సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. కొన్ని క్రిములను చంపే మోతాదుకు అది వెయ్యి రెట్లకు పైన. ప్రపంచానికి మందులు చేసిపెట్టే చోట నీళ్ళలోనే క్రిములకు మందు తట్టుకునే పాఠం జరిగింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాల నడుపుతుండగా మొదటి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ అక్కడే బయటికొచ్చింది, 1948లో. ఆ పేరును తలచుకుని గర్వపడే హక్కు మనకుంటే, పటాన్‌చెరు నీళ్ళను తలచుకుని కలతపడవలసిన బాధ్యత కూడా మనదే.

2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ఈ చర్చకు బాగా సరిపోతుంది. 2019లో ప్రపంచం మొత్తం మీద లొంగని క్రిముల కారణంగానే పోయిన ప్రాణాలు సుమారు 12 లక్షల 70 వేలు. లొంగని క్రిమి ఒంట్లో ఉండగా పోయినవి సుమారు 49 లక్షల 50 వేలు. ఒక్క అంకె వెయ్యకుండా రెండు ఎందుకు వేశారు? ఆ క్రిమి మందుకు లొంగేదే అయ్యుంటే బతికేవాళ్ళు మొదటి లెక్కలోకి వస్తారు, అసలు ఆ జబ్బే రాకుండా ఉంటే బతికేవాళ్ళు రెండో లెక్కలోకి. వ్యతిరేకాన్ని రెండు విధాలుగా పెట్టి చూశారన్నమాట. మరణాల లెక్కలో కూడా ముందున్నదాన్నల్లా కారణం అనకుండా జాగ్రత్తపడ్డ ఆ పరిశోధకులంటే నాకు గౌరవం.

ఆ జాగ్రత్తే తేయాకు విషయంలోనూ ఉండాలి. కప్పు గ్రీన్ టీ తాగితే రక్తంలో చేరే ఈజీసీజీ మిల్లీలీటరుకు అర మైక్రోగ్రాము కూడా ఉండదు. గాజుపాత్రలో క్రిములను లొంగదీసే మోతాదులు పదుల్లో, వందల్లో ఉంటాయి. పేగులోంచి అది తక్కువగా ఎక్కుతుంది, ఎక్కినది త్వరగా మారిపోతుంది. పోనీ బిళ్ళలు చేసి ఎక్కువ మింగుదామంటే, రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ బిళ్ళలుగా వేసుకున్నవాళ్ళలో కాలేయం ఎంజైములు పెరిగిన దాఖలాలున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. అన్ని మందులకూ ఇది తోడు కాదు. బోర్టెజోమిబ్ అనే క్యాన్సర్ మందును ఈజీసీజీ నేరుగా పట్టేసుకుని పనిచెయ్యనివ్వదని 2009లో తేలింది. ఒకచోట ఉత్తేజకం, ఇంకోచోట అదే ప్రతిబంధకం. జపాన్‌కు తేనీటి సంప్రదాయాన్ని చేర్చిన బౌద్ధభిక్షువుల్లో ఒకడైన ఎయిసాయి 1211లో తేయాకు ఆరోగ్యగుణాల మీద పుస్తకమే రాశాడు. ఆ భిక్షువు భక్తి నాకు అర్థమవుతుంది. కానీ యాంటీబయాటిక్ వాడుతున్నవాళ్ళు ఈ వ్యాసం చదివి కప్పు మీద కప్పు తాగడం మొదలుపెట్టకూడదని గట్టిగా చెబుతున్నాను.

పైపూత సంగతి వేరు. పుండు మీద రాస్తే పేగు, రక్తం అనే అడ్డంకులు లేవు. తేయాకు కాటెకిన్ల లేపనం ఒకదాన్ని ఒక రకం పులిపిర్లకు మందుగా అమెరికా ఔషధ సంస్థ 2006లోనే ఆమోదించింది. కాలిన గాయాలకు సూడోమొనాస్ మీద ఇలాంటిది పనిచేస్తుందా అన్నది అడగదగిన ప్రశ్న.

అన్నయ్య చిన్నప్పుడే ఇంకో ప్రశ్న వేశాడు. ఉత్తేజకానికి కూడా ప్రతిబంధకం వస్తే? దానికి ఇంకో ఉత్తేజకం, దానికి ఇంకో అడ్డు, ఇలా పోతూనే ఉంటే అనవస్థా దోషం కదా అన్నాడు. వచ్చింది కూడా. క్లావులానిక్ ఆమ్లానికి లొంగని ఎంజైములు వచ్చేశాయి. తేయాకు పదార్థం రేపు మందుగా మారితే దానికీ వస్తాయి. కెనడాలోని యూకాన్‌లో ముప్పై వేల ఏళ్ళుగా గడ్డకట్టి ఉన్న నేలలోంచి తీసిన డీఎన్ఏలో పెనిసిలిన్ జాతి మందులను, టెట్రాసైక్లిన్‌ను, వాంకోమైసిన్‌ను తట్టుకునే జన్యువులు దొరికాయని 2011లో ప్రకటించారు. మనం మందు అనే మాట పుట్టించక ముందే, మట్టిలో క్రిములూ బూజులూ ఒకదాని మీద ఒకటి ప్రయోగించుకుంటున్న రోజుల్లోనే ఆ అడ్డులు ఉన్నాయి. నాన్నగారు అన్నయ్యకు బీజాంకురం చెప్పారు. విత్తనం ముందా మొలక ముందా అనే వరసకు మొదలు లేదు, అయినా కంటికి కనపడుతోంది గనక అది దోషం కాదు. ప్రమాణం ఉన్న అనవస్థను ఒప్పుకుంటాం. అన్నయ్యకు తృప్తి కలగలేదు. నాకు కలిగింది, ఇప్పుడు ఇంకా ఎక్కువగా ఉంది. తుది లేదని తెలిశాక తుది మందు కోసం ఎదురుచూడం. ఉన్న మందులను పొదుపుగా, తోడు చూసుకుని, అడ్డు తీసి వాడతాం.

నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఇప్పుడు ఒక ఆసుపత్రి ల్యాబులో ఉంది, కాలిన గాయాల వార్డు వాళ్ళకు పెద్దది. వాళ్ళ వార్డు నుంచే వచ్చిన సూడోమొనాస్ మీద అజ్‌ట్రియోనామ్‌నూ శుద్ధి చేసిన ఈజీసీజీనీ కలిపి చెకర్‌బోర్డు వెయ్యమని ఆమెకు రాశాను. ఆ వార్డులో నిత్యం వాడే మిగతా మందులతోనూ కలిపి చూడమన్నాను. మందుకు తేయాకు పదార్థం అడ్డుపడిన గుంటలు కనపడితే, తోడు వచ్చిన గుంటలను రాసినంత శ్రద్ధగా వాటినీ రాసి పంపమన్నాను.